ఎకతోంతాపిలియానీ చర్చి మోడల్: చతురస్రం మీద గుమ్మటం ఎట్లా కూర్చోబెట్టేది?

అలిపిరి_ఉలి

అందరికీ నమస్కారం. తిరుపతిలో శిల్పం నేర్చుకునే పిల్లలతో ఈసారి ప్రదర్శనకు ఒక విదేశీ కట్టడం మోడల్ చేయిస్తా ఉన్నాం. గ్రీస్‌లో పారోస్ దీవి, పారికియా ఊళ్ళో ఉండే పనాయియా ఎకతోంతాపిలియానీ చర్చిని ఎంచుకున్నాం. సగానికి కోసి లోపల కనిపించేటట్టు సెక్షన్ మోడల్ కావాలి.

మా పిల్లలకు స్తంభం, బోదె, దూలం, పైన కప్పురాయి అంతా కొట్టిన పిండి. గుమ్మటం దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతోంది. మధ్య చతురస్రం లోపలి కొలత 20 సెం.మీ. వచ్చేటట్టు స్కేలు పెట్టుకున్నాం. దాని మీద 20 సెం.మీ. వ్యాసం ఉన్న గుమ్మటం పెడితే నాలుగు మూలలూ ఖాళీగా మిగిలిపోతున్నాయి. అక్కడ త్రికోణం ముక్కలు కోసి అతికిస్తే అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, పైగా అవి చదునుగా ఉన్నాయి. ఫోటోల్లో మాత్రం వంపు తిరిగి ఉన్నాయి. ఆ వంపు కొలత ఎట్లా పట్టేది?

ఇంకా మూడు సందేహాలు. వంద తలుపుల చర్చి అంటారు కదా, తలుపులు ఎన్ని కోయాలి? గ్రీకు దీవి చర్చి కాబట్టి తెల్ల రంగు, నీలం గుమ్మటం వేయొచ్చా? లేబుల్ మీద ఏ ఏడు రాయాలి? ఒకచోట 326 అని ఉంది, ఇంకోచోట బైజాంటైన్ చక్రవర్తి జస్టినియన్ కట్టించాడని ఉంది.

---

తాపీ_లెక్క

మూలల్లో వచ్చే ఆ వంపు ముక్కను పెండెంటివ్ అంటారు. మీ చిక్కు ఏమిటంటే పెండెంటివ్‌ను కూడా 20 సెం.మీ. గోళంలోంచే తీయాలని చూస్తున్నారు. అది రాదు. పెండెంటివ్ గోళం వేరు, పైన గుమ్మటం గోళం వేరు.

చతురస్రం భుజం 20 అయితే కర్ణం 28.28. పెండెంటివ్ గోళానికి ఆ కర్ణమే వ్యాసం, అంటే వ్యాసార్ధం 14.14 సెం.మీ. ఆ గోళం నాలుగు మూలలకూ తగిలేటట్టు కూర్చుంటుంది. దాన్ని నాలుగు గోడల గీత మీద నిలువుగా కోస్తే నాలుగు వైపులా 10 సెం.మీ. వ్యాసార్ధంతో అర్ధవృత్తపు కమానులు వస్తాయి. కమాను శిఖరం ఎత్తు 10. సరిగ్గా ఆ ఎత్తులో అడ్డంగా కోయండి, 20 సెం.మీ. వ్యాసం ఉన్న పూర్తి వృత్తం వస్తుంది. నాలుగు కమానుల మధ్య నాలుగు మూలల్లో మిగిలేవే పెండెంటివ్‌లు. ఆ వృత్తం మీద మీ 20 సెం.మీ. గుమ్మటం వచ్చి కూర్చుంటుంది. కమాను మొదలయ్యే మట్టం నుంచి లెక్కిస్తే గుమ్మటం కొన ఎత్తు 20 అవుతుంది.

అడ్డంగా కోయకుండా అదే గోళాన్ని పైదాకా పోనిస్తే కొన ఎత్తు 14.14 మాత్రమే, అంటే కమాను శిఖరం మీద 4.14 సెం.మీ. బుడిపె. అది వేరే రకం కప్పు, చాలా చదును. మీకు అది వద్దు.

అచ్చు చేసే పద్ధతి. చెక్క పలక మధ్యలో ఒక ఇనుప కడ్డీ నిలబెట్టండి. గట్టి అట్టలోంచి 14.14 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న పావువృత్తం కోసి తీసేసి, ఆ వంపు గాడి మిగిలిన అట్టను కడ్డీ చుట్టూ తిరిగేటట్టు బిగించండి. కడ్డీ చుట్టూ మట్టి వేస్తూ అట్టను తిప్పితే అర్ధగోళం దానంతట అదే నునుపుగా వస్తుంది. మొత్తం మట్టే అయితే దాదాపు 6 లీటర్ల ఘనపరిమాణం, తడిమీద 10, 11 కిలోలు తూగుతుంది. అందుకని లోపల థర్మోకోల్ గుండ్రంగా చెక్కి పెట్టి, పైన ఒక సెంటీమీటరు మట్టి చాలు. మట్టి కాస్త బిగిసినాక మధ్య నుంచి 10 సెం.మీ. దూరంలో నాలుగు వైపులా, 10 సెం.మీ. ఎత్తులో పైనా కోయండి. మట్టిని తీగతో, లోపలి థర్మోకోల్‌ను సన్న రంపపు బ్లేడుతో. కోసిన ముఖం నునుపు చేసి సబ్బు నీళ్ళు పూయండి. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 8 మి.మీ. మందంలో పోతపోయాలి.

చెడిపోయేది ఎక్కడంటే, పెండెంటివ్ కింద కొన. మూల దగ్గర దాని వెడల్పు సున్నా అవుతుంది, అచ్చు నుంచి తీసేటప్పుడు మొట్టమొదట విరిగేది అదే. ప్లాస్టర్‌లో ముంచిన కొబ్బరి పీచు గానీ గోనెసంచి పోగులు గానీ ఆ నాలుగు కొనల్లో వేయండి. అసలు కట్టడంలో కూడా పెండెంటివ్ కొన గాలిలో ఉండదు, వెనకాల పియర్ (బరువు మోసే లావు స్తంభం) రాతి పనిలో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి మోడల్‌లోనూ మూల స్తంభాన్ని, పెండెంటివ్‌ను విడివిడిగా చేసి అతికించకుండా కలిపి పోయడమే మంచిది.

ప్లాస్టర్ కలిపేటప్పుడు లీటరు నీళ్ళకు దాదాపు కిలో 400 గ్రాముల పొడి. పొడిని నీళ్ళలో చల్లాలి, పొడి మీద నీళ్ళు పోస్తే ఉండలు కడతాయి. థర్మోకోల్ మీద థిన్నర్ కలిసిన జిగురు వాడొద్దు, కరిగిపోతుంది. ఫెవికాల్ చాలు.

---

గుడిమల్లం_గీత

లేబుల్, తలుపులు, రంగు సంగతి నేను చెప్తాను.

326 అనేది ఐతిహ్యం. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తల్లి హెలెనా పవిత్రభూమికి పోతూ దారిలో పారోస్‌లో ఆగి, పని నెరవేరితే ఇక్కడ చర్చి కట్టిస్తానని మొక్కుకున్నదని, ఆ మొక్కు కొడుకు తీర్చాడని చెప్తారు. 4వ శతాబ్దంలో అక్కడ చర్చి ఉన్న మాట నిజమే, అది కొయ్య కప్పుది. దానికింద ఇంకా పాత రోమన్ కట్టడం ఉంది. హెర్క్యులీస్ సాహసాలు చూపించే మొజాయిక్ నేల బయటపడింది అక్కడే, ఇప్పుడది పారికియా పురావస్తు మ్యూజియంలో ఉంది. మీరు చేస్తున్న గుమ్మటం, పైకప్పు వాల్టులు (కమాను వంపు కప్పులు) 6వ శతాబ్దపు పని, జస్టినియన్ కాలం (527–565). ఇక ఇవాళ ఫోటోల్లో కనిపించే రూపం 1959–66 మధ్య గ్రీకు వాస్తుశిల్పి అనస్తాసియోస్ ఓర్లాండోస్ చేసిన పునరుద్ధరణ తర్వాతిది. లేబుల్ మీద ఈ మూడూ రాయండి. ఒక్క ఏడాది రాస్తే ఏదైనా తప్పే అవుతుంది.

రంగు విషయంలో గట్టిగా చెప్తున్నా, తెలుపు వద్దు, నీలం అసలే వద్దు. ఆ తెలుపు–నీలం గుమ్మటాలు శాంతొరీని అనే ఇంకో గ్రీకు దీవి పోస్టుకార్డుల వల్ల జనం మనసులో పాతుకుపోయాయి. ఎకతోంతాపిలియానీకి కూడా ఒకప్పుడు తెల్ల సున్నం పూత, ముందువైపు బరోక్ తరహా గంట గోపురాలూ ఉండేవి. ఓర్లాండోస్ అవి తీయించేశాడు. ఇప్పుడు ఉన్నది రాతి రంగు. ప్లాస్టర్ కలిపేటప్పుడే నీళ్ళలో పసుపు ఆక్సైడ్ పొడి, చిటికెడు నలుపు వేయండి. రంగు పొడి మరీ ఎక్కువైతే ప్లాస్టర్ బలహీనపడుతుంది. లోపలి స్తంభాలు, బలిపీఠం మీది మంటపం మాత్రం తెల్లగా ఉంచండి. పారోస్ పాలరాయి ప్రాచీన కాలంలోనే పేరు మోసింది. ఆ దీవిలోని మరాథి గనుల్లో నేల లోపలికి దిగి దీపాల వెలుతురులో తవ్వి తీసేవాళ్ళు.

కొలతల డ్రాయింగులు కావాలంటే జ్యూయెల్, హాస్లక్ అనే ఇద్దరు 1920లో అచ్చు వేయించినవి ఉన్నాయి. బాగా పనికొస్తాయి. కానీ అవి పునరుద్ధరణకు ముందువి. ప్లాన్, సెక్షన్ వాటిలోంచి తీసుకుని, ముందువైపు ముఖం మాత్రం ఇప్పటి ఫోటోలు చూసి చేయండి. లేకపోతే కూల్చేసిన గంట గోపురాలు మీ మోడల్ మీద మళ్ళీ మొలుస్తాయి.

తలుపుల మాట. 99 తలుపులు కనిపిస్తాయని, కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) మళ్ళీ గ్రీకుల చేతికి వచ్చిన రోజున నూరోది కనిపిస్తుందని అక్కడ చెప్పుకుంటారు. ప్లాన్‌లో ఉన్నన్ని కోయండి, అంతే. తమాషా ఏమంటే, 10వ శతాబ్దంలో నికేతాస్ మజిస్త్రోస్ రాసిన సెయింట్ థియోక్తిస్తి చరిత్రలో, క్రీట్ నుంచి వచ్చిన అరబ్బు దళపతి ఒకడు ఇక్కడి బలిపీఠ మంటపాన్ని ఎత్తుకుపోవాలని చూస్తే అది తలుపుల్లో పట్టలేదట. అట్లా పట్టకే పగలగొట్టారని ఉంది. వంద తలుపుల గుడిలో ఒక్కటీ సరిపోలేదన్న మాట!

మొదటి ప్రవేశం దగ్గర స్తంభాల పీఠాల మీద రెండు బొమ్మలుంటాయి. కాన్‌స్టాంటినోపుల్‌లోని హాయియా సోఫియా పెద్ద చర్చి కట్టిన ఇసిడోర్, అతని శిష్యుడు ఇగ్నేషియస్ అసూయతో పెనుగులాడి కప్పు మీది నుంచి పడి చచ్చిపోయారని, ఆ బొమ్మలు వాళ్ళవేనని కథ. నిజానికి అవి డయొనైసస్ అనే గ్రీకు దేవుడి పాత గుడి నుంచి తెచ్చి వాడుకున్న రాళ్ళ మీది సాటర్ (సగం మనిషి, సగం జంతువు) బొమ్మలు. మీ పిల్లలకు చెక్కడానికి బాగుంటాయి. పక్కన కథ రాయండి, కానీ కథ అనే రాయండి.

---

అలిపిరి_ఉలి

ఇద్దరికీ శానా థాంక్స్. 14.14 లెక్కతో అట్ట కోశాం, మూలలు ఇప్పుడు సరిగ్గా కలుస్తున్నాయి.

ఇంకొకటి అడగాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళకు గుమ్మటం ఎందుకు పడిపోదో, ఎప్పుడు పడిపోతుందో చేసి చూపించాలని ఉంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మేలో నిలువునా చీలి కూలిపోయింది కదా. ఇక్కడ అందరికీ గుర్తున్న సంగతి అది. గుమ్మటం చీలికలూ అట్లాంటివేనా? పక్కపక్కనే పెట్టి చెప్పొచ్చా?

---

కమాను_కింద

పక్కన పెట్టొద్దన్నా. చూసేవాళ్ళు రెండూ ఒకటే అనుకుని పోతారు. గోపురం పైకి పోయేకొద్దీ సన్నబడే ఇటుక సున్నపు దిబ్బ. దాని బరువు దాదాపు అంతా కిందికే పోతుంది. అందులో చీలిక వచ్చిందంటే పునాది, రాతి అడుగు, పాత మరమ్మతులు, లోపలికి దిగిన నీళ్ళు, వీటిలో వెతకాలి. గుమ్మటానికి పునాది అంతా సవ్యంగా ఉన్నా చీలిక రావచ్చు. అది పక్కకు తోస్తుంది కాబట్టి.

లెక్క ఇది. సమాన మందం ఉన్న అర్ధగోళపు గుమ్మటంలో, కొన నుంచి కిందికి దాదాపు 52 డిగ్రీల దాకా అడ్డ వలయాలన్నీ నొక్కుకుని ఉంటాయి. ఆ కింద వలయాలు సాగాలని చూస్తాయి. మీ 10 సెం.మీ. గుమ్మటంలో అడుగు నుంచి 6.2 సెం.మీ. ఎత్తు దాకా సాగే భాగమే. ఇటుక, రాయి, సున్నం సాగుడును ఓర్చుకోవు. అందుకే చీలికలు అడుగున మొదలై పైకి పోతాయి, బత్తాయి తొనలు విడినట్టు.

కానీ చీలిన గుమ్మటం అంటే కూలే గుమ్మటం అని కాదు. తొనలు తొనలుగా చీలినా, ఎదురెదురు తొనలు రెండేసి కమానులుగా పైన ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. మందం వ్యాసార్ధంలో 4.2 శాతం ఉంటే చాలు. మామూలు అర్ధవృత్తపు కమానుకైతే 10.6 శాతం కావాలి. మీ గుమ్మటం మందం 8 మి.మీ. కాబట్టి చీల్చినా నిలబడుతుంది. ఒక్కటే షరతు, అడుగు పక్కకు జరగకూడదు.

దీన్నే చేసి చూపించండి. రెండో గుమ్మటం ఒకటి పోసి, పూర్తిగా ఆరకముందే పైనుంచి కిందికి 8 తొనలుగా సన్న రంపంతో కోయండి. కొన దగ్గర 4 సెం.మీ. వెడల్పు బిళ్ళ కోయకుండా వదిలి, దాన్ని విడిగా తీసి అంచు కొంచెం ఏటవాలుగా గరుకు కాగితంతో రుద్దండి. గాజు పలక మీద తొనలు పేర్చాలి. పేర్చేటప్పుడు లోపల ఒక గాలి బెలూన్ ఊది పెట్టుకుంటే అదే సెంటరింగ్. అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన నూలు తాడు చుట్టి బిగించి, బిళ్ళ పెట్టి, బెలూన్ గాలి తీసేయండి. నిలబడుతుంది. తాడు కోస్తే గాజు మీద అడుగు జారి తొనలు విచ్చుకుని కూలిపోతుంది. కింద దుప్పటి పరవండి, తొన కొనలు విరగవు, మళ్ళీ మళ్ళీ చూపించొచ్చు. గాజు బదులు చెక్క మీద పెడితే ఒరిపిడి వల్ల తాడు కోసినా నిలిచిపోతుంది, చూసేవాళ్ళకు ఏమీ అర్థం కాదు.

ఆ తాడు చేసే పనే రోమ్ సెయింట్ పీటర్స్ గుమ్మటంలో ఇనుప గొలుసులు చేస్తున్నాయి. 1740లలో అక్కడ చీలికలు చూసి అదనంగా గొలుసులు బిగించారు. పారోస్ చర్చిలో ఆ పని కట్టడం ఆకారమే చేస్తుంది. గుమ్మటం తోపుడు పెండెంటివ్‌ల మీదుగా నాలుగు పెద్ద కమానుల మీదికి వస్తుంది. ఆ చర్చి ప్లాన్ సిలువ ఆకారం కదా, ఆ కమానుల వెనక సిలువ నాలుగు చేతుల వాల్టులు నాలుగు దిక్కుల నుంచీ ఎదురు నిలబడతాయి. వాటి పక్కన నడవలు, వాటి మీద గ్యాలరీలు ఇంకో వరుస ఆసరా. అందుకే చెప్తున్నా, సెక్షన్ మోడల్ అని గుమ్మటం మధ్యలో కోసి ఊరుకోవద్దు. ఒక చేయి అయినా పూర్తిగా చూపించాలి. చేతులు లేని గుమ్మటం చూపిస్తే ఆ చర్చిలో అసలు సంగతి వదిలేసినట్టే. నాలుగు చేతులూ ఒకే పొడవని ముందే అనుకోకండి, ప్లాన్ మీద కొలిచి తీసుకోండి.

చదును గుమ్మటం ఇంకా గట్టిగా తోస్తుంది. హాయియా సోఫియా మొదటి గుమ్మటం 537లో పూర్తయింది, చదునుగా ఉండేది. 557 డిసెంబరు భూకంపం తర్వాత 558 మేలో కొంత భాగం కూలింది. చిన్న ఇసిడోర్ అనే ఇంకో వాస్తుశిల్పి దాన్ని ఇంకా ఎత్తుగా, నిటారుగా కట్టి 562లో ముగించాడు. మీ దగ్గర ఆ 4.14 సెం.మీ. బుడిపె రకం, 10 సెం.మీ. అర్ధగోళం రకం రెండూ పోసి పెడితే ఇది ఒక్క మాటలో చెప్పేయొచ్చు.

పోలికకు ఊరి కట్టడమే కావాలంటే చంద్రగిరి రాజమహల్ చూపించండి. రాయి, ఇటుక, సున్నం, ఎక్కడా కొయ్య లేదు, కమానులున్నాయి. దాని గోడల మందం, కమానుల పక్కన మిగిల్చిన గోడ ఎంత ఉందో పిల్లలతో కొలిపించండి.

---

గచ్చు_బెల్లం

గుడిమల్లం_గీత గారు సున్నం పూత తీయించేశారని ఒక్క ముక్కలో తేల్చేశారు. శిల్పం చదివే పిల్లలకు అక్కడ ఆగి చెప్పాలి.

పాలరాయి కాల్షియం కార్బొనేట్. సున్నం పూత గాలికి బిగిసిన తర్వాత అదీ కాల్షియం కార్బొనేటే. పాలరాతి మీద సున్నం తీసేదానికి ఆసిడ్ పోస్తే, ఆసిడ్‌కు ఏది పూతో ఏది రాయో తెలీదు, రెండూ తినేస్తుంది. చెక్కిన అంచులు, ఉలి గాట్లు ముందు పోతాయి. నీళ్ళతో తడిపి, మెత్తబడినాక చెక్క పుల్లలతో, సన్న కత్తితో పొర పొరగా గీరడమే దారి. ఒక చదరపు అడుగుకు గంటలు పడుతుంది.

మన గుళ్ళ నల్లరాయి గ్రానైట్. ఆసిడ్ దాన్ని అట్లా తినదు, అందుకే ధైర్యంగా పోసేవాళ్ళున్నారు. కానీ ఆ ఆసిడ్, సున్నం కలిసి పుట్టిన ఉప్పులు రాతి సందుల్లో దిగి, ఆరినప్పుడల్లా పొక్కులు లేపుతాయి. రాతిలోని ఇనుము తుప్పు రంగులో బయటికి వస్తుంది. ఇసుక పిచికారీ ఇంకా అన్యాయం, శాసనం అక్షరాల లోతు తగ్గిపోతుంది.

ఇంకో మాట, ఓర్లాండోస్ పనిని అందరూ మెచ్చుకోలేదనుకోండి, అది సహజం. సున్నమూ, గంట గోపురాలూ కూడా ఆ చర్చి చరిత్రే. వాటిని తీసి 6వ శతాబ్దాన్ని చూపించాలనుకోవడం ఒక నిర్ణయం. నా మటుకు నాకు, లోపలి రాతి పని కనబడ్డందుకు సంతోషమే గానీ, తీసేముందు నాటి ఫోటో ఒకటి మోడల్ పక్కన తగిలిస్తే బాగుంటుంది.

---

అలిపిరి_ఉలి

ఫోటో తప్పకుండా పెడతాం. చివరి సందేహం. తూర్పు చివర అర్ధచంద్రం ఆకారంలో గది ఉంది, లోపల మెట్లున్నాయి. ఎక్కడికీ పోని మెట్లు. అవి ఎందుకు? మా వాడొకడు గుడిమల్లం గుడి గజపృష్ఠం (ఏనుగు వెనకభాగం లాంటి వంపు గోడ) లాగే ఉందే అంటున్నాడు.

---

గుడిమల్లం_గీత

ఆకారం వరకు అబ్బాయి చూపు కరెక్టే. వాడకం మాత్రం తలకిందులు. గుడిమల్లంలో ఆ వంపు గోడ లింగం వెనక ఉంటుంది. ఇక్కడ దాన్ని ఏప్స్ అంటారు, ఆ మెట్లు ఎక్కేదానికి కాదు, కూర్చునేదానికి. సింథ్రోనన్ అని పేరు. మధ్యలో బిషప్ పీఠం, రెండు పక్కలా మెట్ల మీద పూజారులు. వాళ్ళకు ముందు బలిపీఠం, దాని మీద నాలుగు స్తంభాల మంటపం, దానికీ ముందు పాలరాతి తెర. మోడల్‌లో తెరను ఊడతీసేటట్టు పెట్టండి, లేకపోతే సింథ్రోనన్ ఎవరికీ కనబడదు.

దిక్కులు చూసుకోండి. చర్చిలో జనం పడమర నుంచి వచ్చి తూర్పుకు తిరిగి నిలబడతారు. మన తూర్పుముఖం గుడి మోడల్ పక్కన రెంటి ఉత్తరమూ ఒకే వైపు వచ్చేటట్టు దీన్ని పెడితే రెంటి వాకిళ్ళూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి. ఎవరో ఒకరు తప్పు పెట్టారని తిప్పేస్తారు, బల్ల మీద ఉత్తరం బాణం గీసి ఉంచండి.

దక్షిణం పక్కన బాప్తిస్మం గది వదిలేయొద్దు. నేలలోకి తవ్విన సిలువ ఆకారపు తొట్టి ఉంది. పెద్దవాళ్ళు మెట్లు దిగి నీళ్ళలో మునిగే కాలం నాటిది. తర్వాత పసిపిల్లలకే బాప్తిస్మం ఇవ్వడం మామూలై చిన్న తొట్లు వచ్చాయి. ఉత్తరం పక్కన సెయింట్ నికొలస్ చాపెల్ (చిన్న ప్రార్థన గది) ఉంది, అందులో పాత డోరిక్ (ప్రాచీన గ్రీకు శైలి) స్తంభాలు తెచ్చి వాడుకున్నారు. వాటిని మిగతా స్తంభాల లాగా చేయించకండి, డోరిక్ నమూనాలోనే చేయించండి. రెండు చోట్ల నుంచి వచ్చిన రాళ్ళని చూడగానే తెలియాలి.

---

తాపీ_లెక్క

తొట్టి గురించి ఒక చిన్న పని మాట. బేస్ పలక 12 మి.మీ. ప్లైవుడ్ అయితే దాంట్లో లోతు చాలదు. ఇప్పుడే కింద ఇంకో పలక కలిపి 25 మి.మీ. చేసుకోండి. మోడల్ అంతా అతికించిన తర్వాత నేల తవ్వాలంటే గోడలు అదురుతాయి, మీ పెండెంటివ్ కొనలు నాలుగూ పోతాయి.